మంచు పోయిన చోట ఇసుక

"మన ఇసుక సారు పోయారట" అని మొన్న సరళ ఫోన్ చేసింది. వెంటనే అదే, "గుర్తుందా, నా కాలివేళ్ల సందుల్లోంచి ఇసుక దులిపి భూతద్దం కింద పెట్టి చూశారు" అంది. అంతే, ఇద్దరికీ నవ్వు ఆగలేదు. చావు కబురు చెప్పుకుంటూ అంతసేపు నవ్వితే వినేవాళ్లు ఏమనుకుంటారోనని మా పిల్లల వైపు భయంగా చూశాను. ఏం చేయను? ఆయన తలపుకొస్తే ముందొచ్చేది నవ్వే.

ఎనభైల చివర సరళా నేనూ సినిమాల్లో గ్రూపు డాన్సర్లం. మాది రేపల్లె, దానిది ఏలూరు. కృష్ణానగర్‌లో ఒకే గదిలో కిరాయికి ఉండేవాళ్లం. రిహార్సల్ ఉన్న రోజున పొద్దున్నే టిఫిన్ చేసి ఫిల్మ్ నగర్ దాకా ఎక్కుతూ నడిచేవాళ్లం. అప్పుడు జూబ్లీహిల్స్ అంతా బండలూ, కొత్తగా కడుతున్న ఇళ్లూ. ప్రతి ఇంటి ముందూ ఇసుక కుప్ప, కంకర కుప్ప.

ఒకరోజు అలాంటి ఒక కుప్ప దగ్గర తెల్ల పంచె, బుష్‌కోటు వేసుకున్న పెద్దాయన ఒకరు వంగి చిటికెడు ఇసుక తీసి నోట్లో వేసుకున్నారు. మేం చూస్తూండగానే కళ్లు మూసుకుని ముందు పళ్లతో నెమ్మదిగా కొరికారు.

"సార్, అది మట్టి సార్!" అని అరిచింది సరళ.

ఆయన కళ్లు తెరిచి, "మట్టి గాదు బిడ్డా, ఇసుక. గదే చూస్తున్న" అన్నారు. "పండ్ల నడుమ పెడితే గరగరమన్నదనుకో, ఇసుక. నున్నగ జారిందనుకో, బంకమన్ను. గరగరమనీ అననట్టు మెత్తగుంటే ఒండ్రు. చేతులు మోసం చేస్తయి గని పండ్లు చెయ్యవు. మీరు గూడ చూడుండ్రి జెర." అరచెయ్యి చాపారు.

నేను రెండడుగులు వెనక్కి వేశాను. సరళకి మొదటి నుంచీ జంకు తక్కువ. నాలుగు రేణువులు నాలిక మీద వేసుకుని, "ఉప్పగా ఏం లేదు సార్" అంది.

"ఏటి ఇసుకకు ఉప్పెందుకుంటది!" అని ఆయన అక్కడే కుప్ప మీద కూలబడి నవ్వారు.

అరగంట తర్వాత మా డాన్స్ మాస్టర్ కొత్తగా తీసుకున్న రిహార్సల్ షెడ్డుకి వెళితే, తాళంచెవి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నది ఆయనే. భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసరు. తెచ్చుకున్న రాళ్లు పెట్టుకోవడానికని ఇంటి వెనక పొడుగాటి షెడ్డు కట్టించుకున్నారు. రాళ్లు ఒక మూలకే సరిపోయాయి. మిగిలినదంతా మాకిచ్చారు. అన్ని కాళ్లు ఒక్కసారి దూకితే ఇల్లు అదురుతుంది కదా, మీకు ఇబ్బంది కాదా అని మాస్టర్ మొహమాటపడితే, "దుంకనియ్యుండ్రి. నా రాళ్లు ఎన్నో కోట్ల ఏండ్ల సంది పండుకునే ఉన్నయి, జెర మేలుకుంటయి" అన్నారు.

ఆయన యువకుడిగా ఉన్నప్పుడు పోలండులో ఐదేళ్లు చదువుకున్నారు. అక్కడి చలి గురించి ఎంత గొప్పగా చెప్పేవారో, ఇక్కడి చలికి అంతగా వణికేవారు. కార్తీకం వచ్చిందంటే మంకీ క్యాపు, దాని మీద మఫ్లరు, లోపల రెండు స్వెట్టర్లు. చెమటలు కక్కుతూ డాన్సు చేస్తున్న మా మధ్యకి ఆ వేషంతో వచ్చి, "తలుపు పెట్టుండ్రి బిడ్డా, గాలి కొడ్తున్నది" అనేవారు. వాళ్ల ఆవిడ, మేం అమ్మగారనేవాళ్లం, మజ్జిగ గ్లాసులు తెస్తూ ఊరుకునేవారు కాదు.

"మంచు దేశంల ఐదేండ్లు ఉండొచ్చిండు మా సారు. గీడ జెర మబ్బు పడితె రగ్గుల జొర్రుతడు."

"గాడ చలి బయట ఉంటుండె, ఇంట్ల పొయ్యి ఉంటుండె" అనేవారు సారు గంభీరంగా. "గీడ చలి సీదా ఇంట్లకే వస్తది. పొయ్యేమో వంటింట్ల నీ కబ్జల ఉన్నది."

షెడ్డు గోడకి ఒక గోనెపటం వేలాడేది. మనిషెత్తు ఉండేది. దాని నిండా ఇసుక అతుక్కుని ఉండేది, పొరలు పొరలుగా, పసుపూ బూడిదా ఇటుక రంగూ. మేం గట్టిగా దూకినప్పుడల్లా దాని నుంచి నాలుగు రేణువులు రాలి నేల మీద పడేవి. వాటి మీద కాలు జారి నేనొకసారి పడ్డాను కూడా. ముందు అది వాళ్ల హాల్లో ఉండేదట. రోజూ ఊడ్చలేక అమ్మగారు షెడ్డుకి తోలేశారు. ఇల్లు అద్దెకి అడగడానికి వచ్చిన ఒక నిర్మాత దాన్ని చూసి, ఏ చిత్రకారుడు వేశాడని అడిగాడట. "చలి వేసింది" అన్నారట సారు.

పడి లేచిన కోపంలో నేనూ అడిగాను, ఏంటి సార్ ఇది అని. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ ప్రశ్న కోసమే షెడ్డు కట్టించారా అనిపించింది. అమ్మగారు మాత్రం ఖాళీ గ్లాసులు తీసుకుని చల్లగా లోపలికి వెళ్లిపోయారు. ఆయన ఈ కథ మొదలుపెట్టినప్పుడల్లా ఆవిడకి వంటింట్లో పని గుర్తొచ్చేది.

"గిది గోడ పొర" అన్నారు సారు. "పోలండుల ఇసుక తవ్వే గుంత ఒకటుండె. ఆ గుంత గోడకు జిగురు పూసి గోనెగుడ్డ అతికిచ్చిన. ఆరినంక మెల్లగ ఒలిస్తే ఎక్కడి రేణువు అక్కడనే గుడ్డకొచ్చింది. అరటితొక్క ఒలిసినట్టు."

"మధ్యలో కత్తి దించినట్టు ఉందే, అదేంటి సార్?"

నిజంగానే పటం మధ్యలో పొరలన్నిటినీ చీల్చుకుంటూ పైనుంచి కిందికి ఒక మేకులాంటి ఆకారం. పైన వెడల్పు, కింద సూదిమొన. దాని లోపలి ఇసుక రంగు వేరు. అంచుల దగ్గర పక్క పొరలు కిందికి వంగి ఉన్నాయి.

"గదే నా బతుకు బిడ్డా" అని, ఆయన రెండు అరచేతులూ దగ్గరికి చేర్చారు. "ఇరవై వేల ఏండ్ల కింద ఆ నేల లోపల్దాక గడ్డకట్టి ఉండె. ఎండకాలంల పైన మూరెడు కరుగుతుండె, కింద ఎప్పటికీ రాయి తీరే. చలి బాగ ముదిరితే గడ్డకట్టిన నేల ఇంకింత ముడుసుకుంటది. ఆ గుంజుడుకు ఆగలేక..." చేతులు ఒక్కసారిగా విడదీసి, "ఠాప్!" అన్నారు. మేమంతా ఉలిక్కిపడ్డాం.

"పగిలింది. వెంట్రుకంత సందు. మంచు కరిగే కాలంల నీళ్లు ఆ సందులకు దిగినయి, దిగి గడ్డకట్టినయి. మళ్లొచ్చే చలికి ఆ జాగలనే పగిలింది. మళ్ల నీళ్లు, మళ్ల మంచు. గట్ల వందల ఏండ్లు, వేల ఏండ్లు. ఆ వెంట్రుకంత సందు గింత మంచు మేకైంది."

"మరి ఇందులో మంచేది సార్? అంతా ఇసుకే కదా?"

"లోకం వెచ్చబడ్డది బిడ్డా. మంచు కరిగింది. అది కరిగినకొద్దీ పైనున్న ఇసుక జారి ఆ జాగల వడ్డది. మంచు ఏ రూపుల ఉండెనో ఇసుక గదే రూపుల నిలబడ్డది."

పైవరసలో జిలేబీ చుట్టల్లా మెలికలు తిరిగిన పొర ఒకటి ఉంటే సరళ దాని మీద వేలు పెట్టింది. "గదా? పైన కరిగిన బురద, కింద చుక్క నీళ్లు ఇంకనియ్యని గడ్డనేల. నడుమ చిక్కి ఆ బురద అటిటు పొర్లింది. నిద్ర పట్టని పిల్లగాడు దుప్పటి నలిపినట్టు."

కొత్త డాన్సరు ఎవరొచ్చినా ఇదే కథ, ఇవే చేతులు, ఇదే ఠాప్. మాకు కంఠతా వచ్చేసింది. ఆయన చేతులు దగ్గరికి తేగానే మేమందరం కలిసి "ఠాప్" అనేవాళ్లం. ఆయన ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా, "సరిగ్గనే చెప్పిండ్రు, గని జల్ది చెప్పిండ్రు" అనేవారు.

మా మాస్టర్‌కి మొదటి పెద్ద అవకాశం అప్పుడే వచ్చింది. పేరున్న దర్శకుడు, పెద్ద హీరో, మంచులో డ్యూయెట్. అసలు కశ్మీరు వెళ్లి తీయాలనుకున్నారు. అక్కడ గొడవల వల్ల షూటింగులు ఆగిపోయాయి. అందుకని ఫిల్మ్ నగర్ స్టూడియోలోనే ఫ్లోరు నిండా దూదీ, ఉప్పూ, థర్మోకోలూ పరిచి తీద్దామన్నారు. మాస్టర్ వారం రోజులు మాతో రిహార్సల్ చేయించి దర్శకుడిని షెడ్డుకి పిలిచారు. దర్శకుడు సగంలోనే లేచాడు.

"తెల్ల గౌన్లేసుకుని చేతులూపుతున్నారు. ఇది నేను పది సినిమాల్లో చూశానయ్యా. ఎల్లుండి కల్లా కొత్తగా ఏదైనా చూపించు. లేకపోతే మద్రాసు నుంచి మాస్టర్ని పిలిపించుకుంటా, ఏమనుకోకు."

మద్రాసు మాస్టర్ వస్తే తన డాన్సర్లని తనే తెచ్చుకుంటాడు. మా అందరికీ ఆ నెల పని పోయినట్టే. కారు వెళ్లిపోయాక మాస్టర్ మెట్ల మీద తలపట్టుకుని కూర్చున్నారు. మంచు గురించి నాకేం తెలుసండీ, నేను పుట్టింది బందర్లో, అని గొణుక్కుంటున్నారు.

సారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. మెల్లగా వచ్చి మాస్టర్ పక్కన కూర్చుని, "మంచు మీదికెల్లి పడ్తదనే చూపిస్తున్నరు మీరు. నేల కూడ గడ్డకడ్తది గద. అది చూపిస్తే?" అన్నారు.

మాస్టర్ తల ఎత్తారు. "నేల ఎలా ఉంటుందండీ? పైనుంచి చూస్తే?"

"పైనుంచా? ఎండిన చెరువు బీటలు వారినట్టు ఉంటదట. గడులు గడులుగ. ఒక్కొక్క గడి ఇల్లంత." సారు కాస్త ఆగారు. "నేనైతే చూడలె. నేను చూసిందంత గుంతల గోడలే. ఆ నేల ఎన్నడో పాయె."

మాస్టర్ లేచి నిలబడ్డారు. పైనుంచి చూస్తే గడులు. క్రేన్ షాట్. ఆయన కళ్లలో అది కనపడింది.

ఆ మధ్యాహ్నం షెడ్డు నేల మీద సుద్దముక్కతో సారు గడులు గీయబోయారు. గీత వంకర, గడి చిన్నదీ పెద్దదీ. కిటికీలోంచి చూస్తున్న అమ్మగారికి ఓపిక నశించింది. ముగ్గుపిండి డబ్బా చంకలో పెట్టుకుని వచ్చి, "జరుగుండ్రి. గీతలు గియ్యనీకి మీకు వస్తదా?" అని చీర కుచ్చెళ్లు ఎగదోపి వంగారు. చేయి ఆగకుండా, తల ఎత్తకుండా షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకి గడులు పరిచేశారు. మధ్యలో ఒక్కసారి మాత్రం ఆగి, "ఐదు మూలలా, ఆరు మూలలా?" అని అడిగారు.

"ఎట్లున్నా నడుస్తది. కొన్ని ఐదు, కొన్ని ఆరు" అన్నారు సారు. ఆ నేల గురించి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అదేనని తర్వాత మాకు చెప్పారు.

సగం మందిని మంచు చేశారు మాస్టర్, తెల్లబట్టల్లో. సగం మందిని ఇసుక, గోధుమరంగు పావడాల్లో. పల్లవిలో ఇసుకవాళ్లు గడులుగా కూర్చోవాలి, పల్లవి అయ్యాక డోలు దెబ్బకి ఆ గడులు విడిపోవాలి. తెల్లవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆ సందుల్లో చేరాలి, చేరినకొద్దీ సందు పెరగాలి. రెండో చరణంలో తెల్లవాళ్లు మెల్లగా ఒంగి జారిపోతుంటే మేం ఇసుక పిల్లలం ప్రవాహంలా వచ్చి సరిగ్గా వాళ్లు నిలబడ్డ ఆకారంలోనే నిలవాలి. నన్ను ఇసుకలో వేశారు. తెల్లబట్టల వాళ్లే హీరో పక్కన కనపడతారు కాబట్టి నాకు ఏడుపొచ్చింది. సారు నా దగ్గరికి వచ్చి, "మంచు నాలుగు దినాలు ఉండి పోయేదే బిడ్డా. ఆఖరుకు నిలబడేది నువ్వు" అన్నారు. అంతటితో ఆగకుండా, "జారేటప్పుడు అంచుల ఉన్నోళ్లు కిందికి వంగాలె. పక్క పొరలు వంగుతయి గద, పటంల చూసినవు" అని దిద్దారు. ఒక పూటంతా అంచుల దగ్గర వంగడమే నేర్పించారు. మాస్టర్‌కి చిరాకు రావాల్సింది, రాలేదు. ఆయన కూడా సారు పక్కన నిలబడి వంగుతున్నారు.

దర్శకుడు చూసి సరే అన్నాడు. ఏడుపు ముఖాలతో ఉన్న మేమంతా షెడ్డులో గంతులేశాం. ఆ రోజు పటం నుంచి రాలినంత ఇసుక ఎప్పుడూ రాలలేదు.

షూటింగు నాడు సారు కోటు వేసుకుని, మంకీ క్యాపు జేబులో పెట్టుకుని వచ్చారు. ఫ్లోరులోకి రాగానే పరిచిన ఉప్పు చిటికెడు తీసి నోట్లో వేసుకుని ముఖం ముడుచుకున్నారు. మంచు అనుకునే వేసుకున్నానని ఒట్టేసినా మేం నమ్మలేదు.

మొదటి చరణం సాఫీగా అయిపోయింది. తర్వాత దర్శకుడు వాచీ చూసుకున్నాడు. "మంచు కరిగిపోగానే హీరో హీరోయిన్ మీద కట్ చేసేద్దాం. మళ్లీ ఈ ఇసుక పిల్లలెందుకు? డ్యూయెట్‌లో ఇసుకేంటయ్యా?" పావడాలు కట్టుకుని నిలబడ్డ మేం పక్కకి జరగడం మొదలుపెట్టాం.

సారు కెమెరా పక్క నుంచి ముందుకి వచ్చారు. ఫ్లోరులో ఎవరూ దర్శకుడి మాటకి అడ్డు చెప్పేవాళ్లు కాదు. ఆయనకి ఆ సంగతి తెలియదు.

"సారూ, ఒక మాట. మంచు పోతే కత ఒడిసినట్టు కాదు. కరిగితే నీళ్లే, ఎటో పోతయి. అది వచ్చిపోయినట్టు ఎవ్వలకు ఎర్క? దాని జాగల ఇసుకొచ్చి నిలబడ్డది గాబట్టే మనకు తెలిసింది. మీ హీరోకు ఆ పిల్ల మీద ప్రేమ వచ్చిపోయేదే అయితే గీ పిల్లలు అక్కర్లేదు. నిలబడేదైతే, వీళ్లు లేకుంట ఎట్ల?"

హీరో చేతిలో కూల్‌డ్రింకు అలాగే ఉండిపోయింది. దర్శకుడు సారుని ఎగాదిగా చూశాడు. అప్పుడు కెమెరామన్, "పోనీ ఒక్కసారి చూద్దాం సార్. క్రేన్ ఎలాగూ ఉంది" అన్నాడు. సారు వైపు తిరిగి, "మీరూ రండి, పైనుంచి చూద్దురుగానీ" అన్నాడు.

సారు క్రేన్ ఎక్కబోయే ముందు గుడికి వెళ్లేవాళ్లలా చెప్పులు విడిచారు. జేబులోంచి మంకీ క్యాపు తీసి పెట్టుకున్నారు. కెమెరామన్ పక్కన ఇరుకుగా కూర్చుని, కమ్మీ గట్టిగా పట్టుకుని పైకి లేచారు.

పాట మొదలైంది. తెల్లవాళ్లు జారారు. మేం వచ్చాం. అంచులవాళ్లం వంగాం. నేను తల ఎత్తకూడదు, అయినా పైనున్న ఆ కోతి టోపీ వైపే నా ప్రాణం. పాట ఆగింది. పైనుంచి మాట లేదు. ఎత్తుకి భయపడ్డారేమోనని క్రేన్ గబగబా దించబోయారు.

"దించకుండ్రి!" అని కేక వినపడింది. తర్వాత నెమ్మదిగా, తనలో తను అనుకున్నట్టు, "జిందగీ అంత గోడ పక్కకెల్లి చూసిన. నెత్తి మీదికెల్లి గిప్పుడే చూసిన" అన్నారు. మళ్లీ గట్టిగా, "ఇంకొక్కసారి చేస్తరా బిడ్డా?"

మేం దర్శకుడి వైపు చూశాం. ఆయన గడ్డం గోక్కుని, "నాకేం అర్థం కాలేదు గానీ ఒళ్లు జలదరించింది. ఉంచండి. వన్‌మోర్!" అన్నాడు.

సినిమా ఓ మోస్తరుగా ఆడింది. పాట మాత్రం ఊరంతా మోగింది. మాస్టర్‌కి ఆ తర్వాత ఖాళీ అన్నది లేకుండా పోయింది, ఆయన వెనక మాకూ.

రిలీజైన వారంలో సారు తన పాత కొలీగులనీ, చదువు చెప్పిన పిల్లలనీ కూడగట్టి క్రాస్‌రోడ్స్‌లో థియేటర్‌కి తీసుకెళ్లారు. సరళనీ నన్నూ పిలిచారు. బాల్కనీలో ఒక వరస మొత్తం కళ్లజోళ్లే. సినిమా మొదలైన దగ్గర్నుంచీ ఆ వరసలో ఎవరికీ కథ పట్టలేదు. ఫైటు జరుగుతుంటే వెనక కనపడ్డ బండ ఏ రాయి అని వాదించుకున్నారు.

పాట వచ్చింది. హీరో కనపడగానే కింద క్లాసులో కాగితాలు ఎగిరాయి. డోలు దెబ్బకి గడులు పగిలాయి. మా వరసంతా కలిసి "ఠాప్" అంది. రెండో చరణంలో మేం, ఇసుక పిల్లలం, తెర నిండా ప్రవహించాం. సరళ నా చెయ్యి నొక్కింది. హాల్లో మాత్రం ఆ షాట్‌కి చప్పుడు లేదు. హీరో లేడు కదా అందులో.

సారుకి అది నచ్చలేదు. రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేయబోయారు. ఉత్త గాలి వచ్చింది. మళ్లీ ప్రయత్నించారు. మళ్లీ గాలే. ప్రొఫెసర్లలో ఒకరు కూడా ప్రయత్నించి దగ్గుతో సరిపెట్టుకున్నారు.

అమ్మగారు ఇదంతా ఓరగా చూస్తున్నారు. కొంగు భుజం మీదికి సర్దుకుని, రెండు వేళ్లు నాలిక కింద మడిచి పెట్టి ఈల వేశారు.

అది మామూలు ఈల కాదు. హాలు ఈ గోడ నుంచి ఆ గోడకి కోసుకుంటూ పోయింది. బాల్కనీ మొత్తం వెనక్కి తిరిగింది. ఒక్క క్షణం ఆగి, కింద క్లాసులోంచి పది ఈలలు జవాబిచ్చాయి.

"చిన్నప్పుడు జొన్నచేన్ల మంచె మీద కూసోని పిట్టలు తోలేదాన్ని" అన్నారావిడ, కళ్లు తెర మీది నుంచి తిప్పకుండానే.

సారు మాత్రం తెర వైపు చూడటం మానేశారు. నోరు కొంచెం తెరుచుకుని అమ్మగారినే చూస్తూ ఉండిపోయారు. ఆ వెలుగులో ఆయన ముఖం కొత్తగా పెళ్లయిన కుర్రాడి ముఖంలా ఉంది. పాట అయిపోయి, లైట్లు వేసి, ఇంటర్వెల్ అని సమోసాలవాడు అరిచేదాకా ఆయన తల తిప్పలేదు.

సినిమా అయి బయటికి వచ్చాక, "మళ్ల చూడాలె" అన్నారు సారు. "పాట ఆఖర్ల ఏమైందో చూడలె."

"ఏమైతది?" అన్నారు అమ్మగారు. "మంచు పోయింది. ఇసుకొచ్చి దాని జాగల నిలబడ్డది. అంచులకున్న పొరలు కిందికి వంగినయి. గంతే గద."

అని, ఆయన చెయ్యి పట్టుకుని, సాయంత్రం ఆటకి టికెట్లిచ్చే వరసలోకి నడిచారు.